అమ్మ ఆపరేషన్ వీడియో పెడతామంటున్నారు, ఒప్పుకోవాలా?

ప్రశ్న: మా అమ్మకు గాల్‌బ్లాడర్‌లో రాళ్లు. ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్ చూసి మారతహళ్లి దగ్గర ఒక సర్జన్ దగ్గరికి వెళ్లాం. ఆపరేషన్ వీడియో పెట్టుకుంటామని, కోలుకున్నాక అమ్మ చేత కెమెరా ముందు రెండు మాటలు చెప్పిస్తామని ఒక కాగితం ఇచ్చారు. అమ్మకు ఇష్టం లేదు. వద్దంటే ఆపరేషన్ సరిగా చేయరేమోనని టెన్షన్.
- ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: అమ్మగారికి ఇష్టం లేదన్నారు కదా, ఇక సంతకం పెట్టకండి. ఆపరేషన్‌కు ఇచ్చే అంగీకారం వేరు, వీడియోకు ఇచ్చేది వేరు. రెండోది ఇవ్వలేదని వైద్యంలో తేడా చూపించే హక్కు ఏ డాక్టరుకూ లేదు. ఆపరేషన్ రోజు పొద్దున, స్ట్రెచర్ మీద పడుకోబెట్టాక మళ్లీ అడిగినా ఇదే మాట చెప్పండి. భయంలో పెట్టించుకున్న సంతకాన్ని నేను అంగీకారంగా లెక్కించను.

నేనూ ఈ ఊళ్లోనే సర్జన్‌ని, నేనూ వీడియోలు పెడతాను. వాటితో చాలా మేలుంది. పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరా లోపలికి పంపి గాల్‌బ్లాడర్ తీసేటప్పుడు, నాళాలను మూసే క్లిప్ వేసే ముందు గాల్‌బ్లాడర్‌లోకి వెళ్లేవి రెండే, ఒక నాళం, ఒక రక్తనాళం అని తేల్చుకోవాలి. పొరపాటున కాలేయం నుంచి పేగుకు పైత్యరసం తీసుకెళ్లే పెద్ద నాళం తెగితే పేషెంటు ఏళ్ల తరబడి బాధపడాల్సి రావచ్చు. ఆ ఘట్టం వీడియోను సర్జన్ల గ్రూపులో పెడితే చెన్నైలోనో విశాఖలోనో ఉన్న సీనియర్ చూసి, ఎక్కడ ఆగి మళ్లీ చూసుకోవాలో చెబుతారు. మా జూనియర్లు అలా ఎంతో నేర్చుకుంటారు. లోపలి వీడియోలో ముఖం కనిపించదు. కానీ స్క్రీన్ మూలన పేషెంటు పేరు, ఆస్పత్రి నంబరు రికార్డవుతుంటాయి, థియేటర్‌లో మాటలూ వినిపిస్తాయి. అవన్నీ తీసేయాలి, పేషెంటునూ ముందే అడగాలి.

కోలుకున్న పేషెంటు చేత పొగిడించుకోవడం మాత్రం నాకు అసలు నచ్చదు. దాని వల్ల ఎవరూ నేర్చుకునేది లేదు, అది ప్రచారం. 2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ తెచ్చిన నియమాలు దాన్ని వద్దన్నాయి. అదే నెలలో వాటిని పక్కన పెట్టి మళ్లీ 2002 నాటి నియమాలే అమలు చేశారు. వాటి ప్రకారం కూడా డాక్టరు తన గురించి ప్రచారం చేసుకోకూడదు.

రీల్స్ చూసి వెళ్లామన్నారు. ఫాలోవర్లను బట్టి చేతి పనితనం తెలియదు. ఆయన పేరు కర్ణాటక మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్టరైందో లేదో చూడండి. ఇలాంటి ఆపరేషన్లు నెలకు ఎన్ని చేస్తారో, మధ్యలో పొట్ట కోయాల్సి వస్తే ఏం చేస్తారో మొహమాటపడకుండా అడగండి. వీడియో వద్దన్నాక ఆయన మాటతీరు మారితే వేరే సర్జన్‌కు చూపించండి. జ్వరం, కామెర్లు, తగ్గని నొప్పి లేకపోతే అందుకు టైమ్ ఉంటుంది. వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆగకుండా దగ్గర్లోని పెద్ద ఆస్పత్రికి తీసుకెళ్లండి.