కండ తగ్గుతోంది, ఆకలి ఆగడం లేదు: ప్రొటీన్ పౌడర్ వాడవచ్చా?

ప్రశ్న: నా వయసు 62. పాలకొల్లు దగ్గర కొబ్బరితోట చూసుకుంటాను. ఏడాదిలో బరువు 64 కిలోల నుంచి 60కి తగ్గింది. పొద్దున చద్దన్నం, ఆవకాయ తింటే పదకొండింటికల్లా మళ్లీ ఆకలేస్తోంది. తొడలు సన్నబడ్డాయి, కింద కూర్చుంటే చేతులు ఆనించకుండా లేవలేకపోతున్నాను. మా అబ్బాయి ప్రొటీన్ పౌడర్ తెచ్చాడు. వాడమంటారా?

జవాబు: ఆ డబ్బా మూత తీయకముందే, పరగడుపున చక్కెర, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు చక్కెర), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు) పరీక్షలు చేయించుకోండి. ఆకలి పెరుగుతూనే బరువు, కండ తగ్గడం మధుమేహంలోనూ, థైరాయిడ్ అతిగా పనిచేసినప్పుడూ కనిపిస్తుంది. పరీక్షలన్నీ సవ్యంగా వచ్చినా బరువు ఇంకా తగ్గుతూ ఉంటే వైద్యుడికి స్వయంగా చూపించుకోవాలి.

ఇక తిండి సంగతి. ఆరోగ్యవంతులైన పెద్దవారికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ సరిపోతుందని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సు. అయితే వయసు మీరిన కొద్దీ కండరం ప్రొటీన్‌కు స్పందించే తీరు మందగిస్తుంది కనుక, 60 దాటినవారికి 1 నుంచి 1.2 గ్రాములు మేలని చాలామంది నిపుణుల అభిప్రాయం. అంటే మీకు 60 నుంచి 72 గ్రాములు. వంద గ్రాముల బియ్యంలో ఉండేది 7, 8 గ్రాములే; ఆవకాయ దానికి చేర్చేది దాదాపు ఏమీ లేదు. పప్పుచారునూ లెక్కలో వేయకండి. గరిటె అడుగుదాకా ముంచితే తప్ప కంచంలోకి వచ్చేది పసుపు రంగు తేటే.

ప్రొటీన్ తిన్నప్పుడు పేగుల్లో జీఎల్‌పీ-1, పీవైవై అనే హార్మోన్లు పెరిగి, ఆకలి పుట్టించే గ్రెలిన్ తగ్గుతుంది కాబట్టి కడుపు నిండిన భావన ఎక్కువసేపు నిలుస్తుంది. దాన్ని అరిగించడానికే దాని శక్తిలో 20 నుంచి 30 శాతం ఖర్చవుతుంది. పిండిపదార్థాలకైతే 5 నుంచి 10 శాతమే. దీన్నే గొప్ప చేసి బరువు తగ్గించే మంత్రంగా అమ్ముతున్నారు గానీ, అసలు ప్రయోజనం స్వల్పమే.

నా దృష్టిలో మీ లోపం పొద్దుటి పూటది. రాత్రంతా పస్తున్న కండరానికి అప్పుడే 25 గ్రాముల దాకా ప్రొటీన్ అందాలి. 75 గ్రాముల పెసలతో వేసిన పెసరట్లలో సుమారు 18 గ్రాములు, ఉడికిన గుడ్డులో 6 గ్రాములు ఉంటాయి. మినపరొట్టె అయితే రవ్వ తగ్గించి, మినుములు పెంచండి. మధ్యాహ్నం చిక్కటి ముద్దపప్పో, శీలావతి చేప ముక్కలో తినండి. చేపలో ముల్లు పోగా వంద గ్రాముల కండ ఉంటే 18 గ్రాములకు తక్కువ కాదు. అన్నంలో కొరవడే లైసిన్ (ప్రొటీన్‌లో ఉండే ఒక అమైనో ఆమ్లం) పప్పులో పుష్కలం కాబట్టి, ఈ రెండింటి జోడీ మంచిదే; అన్నం ఎక్కువై, పప్పు తక్కువై కొలతలే తిరగబడ్డాయి.

ఎంత తిన్నా, పని పెట్టకపోతే కండ పెరగదు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, పదేసి సార్లు చొప్పున, రోజూ రెండు విడతలు చేయండి. తిండితో లెక్క కుదరని రోజున పౌడర్ ఒక చెంచా కలుపుకున్నా తప్పులేదు. క్రియాటినిన్ ఎక్కువగా ఉంటే మాత్రం పైన చెప్పిన పరిమాణాలేవీ మీకు వర్తించవు. కిడ్నీ వైద్యుడు నిర్ణయించిన మేరకే తినాలి.