ప్రొబేషన్ సిబ్బందికి శిక్షణ పెట్టబోతున్న చెల్లెకు

చెల్లెకు,

నేరం రుజువైనా కోర్టు జైలుకు పంపకుండా షరతుల మీద వదిలినవాళ్లను చూసుకునే ఉమ్మడి వరంగల్ ప్రొబేషన్ సిబ్బందికి శిక్షణ ఇచ్చే బాధ్యత నీకిచ్చారని తెలిసింది. ఆర్డరు చేతికి రాగానే అందరూ హాలు బుక్ చేస్తారు, ముఖ్య అతిథిని వెతుకుతారు, ఫ్లెక్సీ కొట్టిస్తారు. నువ్వు ముందు పాత రిపోర్టులు తెప్పించు. ఎవరికి ఏం రావట్లేదో ఆ కాయితాలే చెప్తాయి. "మీకు ఏ అంశం మీద శిక్షణ కావాలి?" అని ఫారం పంపితే అందరూ "చట్టాలు, కంప్యూటర్" అని రాసిస్తారు, దాంతో నీకు ఒరిగేదేమీ ఉండదు.

శిక్ష తేల్చేముందు ఆ మనిషి ఇల్లు, నడత గురించి గత ఆరు నెలల్లో కోర్టుకిచ్చిన విచారణ నివేదికల్లో ఒక్కొక్కరి నుంచి రెండేసి తీసుకో. పేరు, ఊరు, కేసు నంబరు మార్కరుతో కొట్టేయించు. మార్కరు కింది అక్షరాలు వెలుతురుకు పట్టుకుంటే కనిపిస్తాయి కాబట్టి కొట్టేసిన కాయితాన్ని మళ్ళీ జిరాక్సు తీయించి, ఆ జిరాక్సునే చేతులు మారనియ్యి. నివేదిక రహస్యంగా ఉండాలని 1958 నాటి ప్రొబేషన్ చట్టం 7వ సెక్షన్‌లో ఉంది. పిల్లల కేసైతే జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద గుర్తింపు బయటపెట్టడమే నేరం. శిక్షణ పేరు మీద మనమే ఆ తప్పు చేయొద్దు.

ఒక్కో రిపోర్టుకు పది మార్కులు పెట్టుకో. చూడాల్సినవి ఐదే: ఎవరు చెప్పారో, వాళ్లు ఇతన్ని ఎన్నాళ్లుగా ఎరుగుదురో ఉందా, ఇంటికి ఏ రోజు పోయారో, అప్పుడు ఇంట్లో ఎవరున్నారో ఉందా, రాబడి, అప్పు అంకెల్లో ఉన్నాయా, జరిగిన సంగతి అతని మాటల్లో ఉందా, చివర సిఫారసు చేసిన షరతులు పైన రాసిన విషయాలతో కలుస్తున్నాయా. ఒక్కోదానికి రెండు మార్కులు. సగం రిపోర్టుల్లో నీకు ఈ వాక్యం కనిపిస్తుంది: "ఇరుగుపొరుగు వారిని విచారించగా సత్ప్రవర్తన కలవాడని తెలిసినది." మెజిస్ట్రేటుకు దీంతో ఏం పని? అదే విషయాన్ని ఇట్లా రాయించు: "ఎడమ పక్క కిరాణా దుకాణం నడిపే ఆమె ఇతన్ని పదకొండేళ్లుగా ఎరుగును. ఉద్దెర నెలనెలా తీరుస్తాడని, దసరా తర్వాత నుంచి వారంలో రెండు మూడు రోజులు తాగి వచ్చి ఇంట్లో అరుస్తున్నాడని చెప్పింది. కుడి పక్కవారు మాట్లాడడానికి ఇష్టపడలేదు." ఇందులో మంచీ ఉంది, చెడూ ఉంది, మాట్లాడని ఇల్లూ ఉంది. మందు మాన్పించే షరతు ఎందుకు పెట్టాలో కోర్టుకు అర్థమవుతుంది. మొదటి రోజు పొద్దటి పూట ఈ పనే పెట్టు. ఎవరి రిపోర్టు వాళ్లకు ఇవ్వకు, పక్కవాళ్లది ఇచ్చి తిరగరాయించు. తన రాతలో తప్పు కనిపించదు, పక్కవాడి రాతలో ఇట్టే కనిపిస్తుంది.

పక్కింట్లో అడిగే తీరు కూడా నేర్పాలి. ఊళ్లో కొత్త బండి ఆగితే చాలు, "ఎవలు సార్, ఏం పని?" అని పదిమంది చుట్టూ చేరతారు. అక్కడ "కోర్టు కేసు" అన్న మాట నోట్లోంచి జారితే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది, ఆ మనిషికి మర్నాడు కూలికి పిలుపు రాదు. పోలీసు జీపులో పోవద్దు, ఖాకీ చొక్కా వద్దు, సర్పంచును వెంటేసుకుని ఇల్లు చూడొద్దు. లంబాడీ తండాకో కోయగూడేనికో పోతే భాష తెలిసిన మనిషి కావాలి కదా. ఇంట్లో పిల్లతోనో, స్టేషన్ కానిస్టేబుల్‌తోనో తర్జుమా చేయించుకుంటే విన్నది నమ్మడానికి లేదు. తండ్రి తాగుడు గురించి పదేళ్ల పిల్ల ఏం చెప్తుంది? అంగన్‌వాడీ టీచర్‌నో ఆశా కార్యకర్తనో అడగొచ్చు. అయితే వాళ్లు అతని చుట్టాలేమో ముందు కనుక్కోవాలి.

బ్యాచ్‌లో 16 నుంచి 20 మంది, అంతకు మించొద్దు. జిల్లా ప్రొబేషన్ అధికారులనూ, బాలల సంరక్షణ యూనిట్ వాళ్లనూ, ఫీల్డులో తిరిగే కాంట్రాక్టు సిబ్బందినీ కలిపే కూర్చోబెట్టు. ఇల్లిల్లు తిరిగేది చాలాచోట్ల ఆ కాంట్రాక్టు పిల్లలే, శిక్షణకు పిలుపు రానిదీ వాళ్లకే. వాళ్లకు టీఏ రాకపోతే బస్సు చార్జీ బడ్జెట్‌లోనే పెట్టించు. సోమవారం వద్దు, కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణి ఉంటుంది. లోక్ అదాలత్ వారం వద్దు. మేడారం జాతర ఉన్న ఏడాది ఆ ముందూ వెనకా రెండు వారాలు ములుగు, భూపాలపల్లి వాళ్లను అడగనే అడగొద్దు. ఆ దూరం నుంచి బస్సులో వచ్చేవాళ్లు ఉంటారు కాబట్టి కాయితం మీద తొమ్మిదిన్నర అని వేయకుండా పదిన్నరకు పెట్టి, పదిన్నరకే మొదలుపెట్టు. కుర్చీలు జరపగలిగే గది చూడు. నేలకు బిగించిన కుర్చీల హాలు ఎంత పెద్దదైనా మనకు పనికిరాదు.

వరసగా ఐదు రోజులు పెట్టకు. రెండు రోజులు, ఆరు వారాల తర్వాత ఒక రోజు, ఆ పైన నెలకోసారి గంటన్నర కేసు చర్చ. శాలువాలు, బొకేలు, "నాలుగు మంచి మాటలు" కలిసి గంటన్నర మింగుతాయి. మెజిస్ట్రేటుగారు వస్తానంటే ప్రారంభోపన్యాసానికి కాకుండా రెండో రోజు నలభై నిమిషాలు అడుగు. "మా రిపోర్టుల్లో మీకు కావాల్సింది ఏది దొరకట్లేదు?" అన్న ఒక్క ప్రశ్న ముందే రాసి పంపు.

చట్టం మీద గంటన్నర చాలు, అదీ ప్రశ్నల మీద నడవాలి. నాలుగు చోట్ల పాతవాళ్లు కూడా తడబడతారు. 21 ఏళ్లలోపు వాళ్లకు ప్రొబేషన్ చట్టం 6వ సెక్షన్ కింద కోర్టు రిపోర్టు తెప్పించుకోవాల్సిందే. ఆ వయసు నేరం చేసిన నాటిది కాదు, శిక్ష వేసే నాటిదని 1962లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మంచిగా నడుచుకుంటానని రాసిచ్చే బాండు మూడేళ్లు దాటకూడదు, పర్యవేక్షణ ఉత్తర్వు ఏడాదికి తగ్గకూడదు. షరతు తప్పగానే జైలే అని బెదిరించే అలవాటు ఒకటుంది. మొదటి తప్పుకు బాండు అట్లాగే ఉంచి 50 రూపాయల దాకా జరిమానాతో వదిలే దారి కూడా 9వ సెక్షన్‌లో ఉంది, ఏది అన్నది కోర్టు ఇష్టం. ఇక 12వ సెక్షన్ చూపించి "నీ నౌకరీకి ఏం కాదు" అని మాటిచ్చేవాళ్లను గట్టిగా ఆపు. నేరం రుజువైందన్న తీర్పు అట్లాగే ఉంటుంది. దాని వల్ల చట్టప్రకారం అంటుకునే అనర్హత మాత్రమే పోతుంది. అతని ప్రవర్తన చూసి శాఖ చర్య తీసుకోవచ్చు. ఈ ఉత్త మాట నమ్మి మోసపోయినవాడు మళ్ళీ మన ఆఫీసు మెట్టు ఎక్కడు.

భోజనాల తర్వాత ఉపన్యాసం పెడితే సగం మంది కునుకు తీస్తారు. అప్పుడు మాట్లాడే సాధన పెట్టు. ముగ్గురేసి కూర్చోవాలి, ఒకరు అధికారి, ఒకరు ప్రొబేషన్ మీదున్న మనిషి, ఒకరు చూసేవాళ్లు. ఏడు నిమిషాలు మాట, మూడు నిమిషాలు చూసినవాళ్ల లెక్క, ఆ పైన స్థానాలు మార్చుకోవాలి. అరగంటలో ముగ్గురికీ వంతు వస్తుంది. చూసేవాళ్ల చేతిలో చీటీ పెట్టి మూడు రకాల గీతలే గీయమను: అధికారి నీతి చెప్పినప్పుడల్లా ఒకటి, విప్పి చెప్పించే ప్రశ్న వేసినప్పుడల్లా ఒకటి, అవతలి మనిషి "సరే సార్" అన్నప్పుడల్లా ఒకటి. మొదటిసారి నీతి గీతలూ "సరే సార్" గీతలూ పోటీ పడి పెరుగుతాయి. "పిల్లల మొకం చూసన్న మారాలె గదా" అంటే "సరే సార్" తప్ప వాడు మాత్రం ఏమంటాడు? సంభాషణ అక్కడికే ఆగిపోయింది.

"ఎందుకు తాగుతున్నవ్?" అనే ప్రశ్న బోను ఎక్కించినట్టే ఉంటుంది. దాని బదులు "తాగని రోజు పొద్దు ఎట్ల పోతది?" అని అడిగించు. "పనికి పోయిన్నాడు యాదికే రాదు సార్, పని దొర్కకపోతెనే." "అంటే పని లేని నాడే మనసు అటు గుంజుతున్నదన్నట్టు." ఇంతే, అతని మాటే అతనికి తిప్పి చెప్పి రెండు క్షణాలు ఊరుకోవడం. ఆ ఊరుకోవడమే మనవాళ్లకు కష్టం, సందు దొరికిందని సలహా దూరుస్తారు. 14వ సెక్షన్ ప్రకారం పని వెతికి పెట్టడానికి ప్రయత్నించడం కూడా అధికారి బాధ్యతే కాబట్టి, ఈ జవాబులోంచి తర్వాతి అడుగు తేలుతుంది: పని దొరకని రోజులు ఏవి, ఆ రోజుల్లో ఏం చేయాలి. మందు వదలలేని స్థితిలో ఉంటే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి పంపాలి, ఫోనులో మానసిక సాయం చేసే టెలి మానస్ నంబరు 14416 రాసివ్వాలి. ఏళ్లుగా రోజూ తాగే మనిషిని ఒక్కసారి మానెయ్యమని ఒత్తిడి చేయొద్దని మాత్రం తప్పకుండా చెప్పు. ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు, అది డాక్టరు చూసుకోవాల్సిన పని.

ప్రొబేషన్ మీదున్నవాళ్లందరినీ ఒకే తీరుగా ఆఫీసుకు పిలిపించే అలవాటు మాన్పించడం ఈ శిక్షణలో అన్నిటికంటే కష్టమైన పాఠం. ఎంత ప్రమాదం ఉంటే అంత పర్యవేక్షణ అన్నది 1990 నుంచి ఈ రంగంలో స్థిరపడిన సూత్రం. మళ్ళీ తప్పు చేసే అవకాశం తక్కువున్న మనిషిని వారం వారం తిప్పితే మేలు జరగకపోగా పని, ఇల్లు, పరువు చెడి కీడు జరగొచ్చు. ఏనుమాముల మార్కెట్లో హమాలీ చేసే మనిషిని మిర్చి సీజన్లో మంగళవారం పొద్దున పదకొండుకు రమ్మన్నామనుకో, ఆ రోజు కూలి పోయినట్టే. రెండుసార్లు వస్తాడు, మూడోసారి రాడు. మనం "షరతు ఉల్లంఘన" అని రాస్తాం. ఆ ఉల్లంఘన పుట్టించింది మన డైరీయే. మార్కెట్ సెలవు రోజు పెట్టుకుంటే ఆ గొడవే లేదు. సాధనకు ఇట్లాంటి ఐదు కల్పిత కేసులు రాసిపెట్టుకుని ఎవరిని వారానికి, ఎవరిని నెలకు, ఎవరిని మూడు నెలలకు పిలవాలో కారణంతో సహా చెప్పించు. నేరం పెద్దదైతే ప్రమాదం కూడా పెద్దదేనని చాలామంది పొరబడతారు. పాత కేసులు, తిరిగే స్నేహాలు, తాగుడు, పని లేకపోవడం చూసి తేల్చాలి తప్ప సెక్షన్ నంబరు చూసి కాదు.

జీతం లేకుండా జనానికి పనికొచ్చే పని చేయించే సమాజ సేవ శిక్ష కొత్తది. ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చాక ఆరు నేరాలకు కోర్టు ఇది వేయొచ్చు. మనవాళ్లకు ఎక్కువగా ఎదురయ్యేవి 5,000 రూపాయల లోపు దొంగతనంలో మొదటిసారి శిక్ష పడి సొమ్ము తిరిగిచ్చిన కేసూ, తాగి బజారులో అల్లరి చేసిన కేసూ. ఎన్ని గంటలు, ఎవరు చూడాలి అన్నది సంహితలో విడమరచలేదు. అందుకని ఉత్తర్వులో నాలుగు సంగతులు వెతకడం నేర్పు: చోటు, రోజుకు గంటలు, హాజరు సంతకం ఎవరిది, ఎప్పటిలోగా ముగియాలి. ఏది లేకపోయినా సొంతంగా నిర్ణయించకుండా కోర్టుకు రాసి అడగాలి. పని చేయించే ఆసుపత్రి, మున్సిపాలిటీ సూపర్‌వైజర్లను గంటసేపు పిలిచి రెండు మాటలు చెప్పు. మెడలో బోర్డు వేయొద్దు, ఫొటో తీసి గ్రూపులో పెట్టొద్దు. ఫొటో పెట్టడం సరదాగానే మొదలవుతుంది, సిగ్గుతో మనిషి మర్నాడు రాడు, గంటలు మిగిలిపోతాయి.

రెండు రోజులు ముగిశాక "బాగుంది" ఫారాలు నింపించుకుని ఊరుకోకు. అసలు పని అక్కడ మొదలవుతుంది. నెలలోపల ప్రతి ఒక్కరి నిజమైన ఇంటర్వ్యూ ఒకటి, ఎదుటి మనిషి ఒప్పుకుంటేనే, పక్కన కూర్చుని చూడాలి. ఇరవై మందినీ నువ్వొక్కదానివే చూడలేవు కాబట్టి పనిలో ఉన్నవాళ్లలోంచే ఇద్దరిని ఎంచుకో. డిగ్రీ పెద్దదని, గొంతు పెద్దదని కాదు, సాధనలో నీతి గీతలు తక్కువ పడినవాళ్లను. చూసినాక ఒక మంచి సంగతి, ఒక మార్చుకోవాల్సిన సంగతి, అంతకు మించి చెప్పొద్దు. ఎనిమిది వారాలకు మళ్ళీ రెండేసి రిపోర్టులు తెప్పించి అదే పది మార్కుల కాయితంతో దిద్దు. ముందు నాలుగొచ్చినవాళ్లకు ఏడొస్తే శిక్షణ పనిచేసింది. నాలుగే ఉంటే తప్పు వాళ్లదని అప్పుడే అనకు. పై అధికారి పాత మూసలోనే రాయమంటున్నాడేమో చూడు. ఆ సంగతి చాలాసార్లు ఉంటుంది, అప్పుడు పిలవాల్సింది ఆ పై అధికారిని.

ఫీల్డు భద్రత గురించి అరగంట: బయల్దేరే ముందు రిజిస్టర్‌లో ఊరు, తిరిగొచ్చే వేళ రాయడం, చీకటి పడ్డాక కొత్త ఇంటికి పోకపోవడం, గొడవ ఇల్లయితే ఇద్దరు పోవడం, గుమ్మం వైపు దారి ఉండేట్టు కూర్చోవడం. ఆడవాళ్లు ఒంటరిగా పోనంటే పనిదొంగతనం అనొద్దని అధికారులకు విడిగా చెప్పు.

మొదటి బ్యాచ్ తేదీ ఖాయం కాగానే పేర్లు కొట్టేసి జిరాక్సు తీసిన రిపోర్టులు ఓ పది, మార్కులు వేయకుండా, నాకు పంపు. నేను వేసినవీ నువ్వు వేసినవీ పక్కపక్కన పెట్టి చూద్దాం. ఎక్కడైనా రెండు మార్కులకు మించి తేడా వస్తే కాయితంలో ప్రశ్న సరిగ్గా లేదన్నట్టు. హాలుకు పోకముందే దాన్ని సరిచేసుకోవాలి.

మీ అన్న,
హనుమకొండ