గొంతులు ఆగాయి, మతిమరుపు పోలేదు: ఇమ్యూనిటీ పొడులు వాడొచ్చా?

ప్రశ్న: మా తమ్ముడికి 27 ఏళ్లు. ఐదేళ్లుగా స్కిజోఫ్రీనియాకు మందులు వాడుతున్నాడు. చెవిలో గొంతులు వినిపించడం ఆగింది కానీ ఏదీ గుర్తుండటం లేదు. కొట్టుకెళ్లి నాలుగు వస్తువులు తెమ్మంటే ఒకటే తెస్తాడు. చిన్నప్పుడే అమ్మ పోతే నన్ను అమ్మమ్మ పెంచింది, వాడు వేరే బంధువులింట్లో దెబ్బలు తింటూ పెరిగాడు. చిన్నతనంలో కష్టాలు పడితే ఇమ్యూనిటీ తగ్గి బుర్ర మందగిస్తుందని చదివాను. ఇమ్యూనిటీ పెంచే పొడులు వాడొచ్చా?
– ఒక సోదరి, ఖమ్మం

జవాబు: పొడులు కొనకండమ్మా. మీరు చదివినదాంట్లో సగం నిజమే, మిగతా సగం తలకిందులైంది. ఇలాంటివారిలో కొందరికి రోగనిరోధక వ్యవస్థ బలహీనపడదు, అవసరం లేకున్నా పనిచేస్తూనే ఉంటుంది. దొంగ వెళ్లిపోయినా తెల్లవార్లూ మొరిగే కుక్కలాగన్నమాట. దాన్ని ఇంకా రెచ్చగొట్టడం దేనికి?

పసితనంలో భయం, దెబ్బలు రోజూ ఉంటే ఒంట్లో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ పదేపదే పెరుగుతుంది. మామూలుగా వాపును, అంటే రోగనిరోధక వ్యవస్థ రేగడాన్ని (ఇన్‌ఫ్లమేషన్) అణచేది అదే. ఏళ్ల తరబడి అలా సాగితే కణాలు దాని మాట వినడం మానేస్తాయి. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972–73లో పుట్టినవారిని పెద్దయ్యేదాకా గమనిస్తే, బాల్యంలో హింసకు గురైనవారికి 32 ఏళ్ల వయసులోనూ రక్తంలో వాపును సూచించే సీఆర్‌పీ అనే ప్రొటీన్ ఎక్కువగా కనిపించింది. స్కిజోఫ్రీనియా ఉన్న చాలామందిలో ఐఎల్-6 అనే వాపు రసాయనం కూడా ఎక్కువే. ఇది మెదడులోని రోగనిరోధక కణాలైన మైక్రోగ్లియాను కదిలించి, జ్ఞాపకశక్తి, ఏకాగ్రతలకు అడ్డుపడుతుందని భావిస్తున్నారు. అలాగని మీ తమ్ముడి జబ్బుకు ఆ దెబ్బలే కారణమని ఎవరూ తేల్చలేరు. బాల్యం హాయిగా గడిచినవారికీ ఈ జబ్బు వస్తుంది. మతిమరుపు ఈ జబ్బులో భాగమే, చాలామందిలో గొంతులు మొదలవకముందే కనిపిస్తుంది.

మరి వాపు తగ్గించే మందులిస్తే? మైక్రోగ్లియాను శాంతపరుస్తుందని మినోసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌ను బ్రిటన్‌లో స్కిజోఫ్రీనియా రోగులపై పరీక్షించారు. 2018లో వచ్చిన ఫలితం నిరాశపరిచింది.

ఇంతకంటే ముందు మీరు చూడాల్సింది మందుల చీటీ. అందులో ట్రైహెక్సీఫెనిడిల్, అంటే చాలామంది పాసిటేన్ అనే మాత్ర ఉందా? చేతులు వణక్కుండా, ఒళ్లు బిగుసుకోకుండా ఇస్తారు. మొదట్లో అవసరం ఉంటుంది కానీ కొందరికి చీటీ మీద చీటీ రాస్తూ ఏళ్లకేళ్లు కొనసాగిస్తారు. జ్ఞాపకశక్తిని నేరుగా దెబ్బతీసే మందు ఇది. మీరు సొంతంగా ఆపొద్దు, డాక్టర్‌ను అడిగితే అవసరం లేదనుకుంటే మెల్లగా తగ్గిస్తారు. పనిలో పనిగా థైరాయిడ్, బి12, షుగర్ పరీక్షలు చేయించండి. మందులతో బరువు పెరిగి ఉంటే పొట్ట కొవ్వు కూడా ఐఎల్-6ను విడుదల చేస్తుంది. అందుకే రోజూ చెమట పట్టేలా నడవమంటాం, అది మతికీ మంచిదే.

జ్ఞాపకశక్తికి, ఏకాగ్రతకు సాధన చేయించే కాగ్నిటివ్ రెమిడియేషన్ కొంత మేలు చేస్తుంది. మీ దగ్గర ఎక్కడ దొరుకుతుందో ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేసి అడగండి. ఈలోగా కొట్టుకు పంపేటప్పుడు చీటీ రాసివ్వండి, ఇంకా మంచిది అతని చేతే రాయించడం. “ఎన్నిసార్లు చెప్పాలిరా” అని కసిరితే ఉన్న ధ్యాస కూడా పోతుంది. చిన్ననాటి సంగతులు మీరు తవ్వొద్దు, తనే ఎత్తితే మాత్రం పని పక్కనపెట్టి వినండి.