హైదరాబాద్ నుంచి డాలస్‌కి అసలు ఎన్ని గంటలు?

మీ అమ్మానాన్నలు మొదటిసారి డాలస్ వస్తున్నారని, ఒకచోట 14,400 కిలోమీటర్లు, 16 గంటలు అని ఉంటే టికెట్ మీద 23 గంటలకు పైగా ఉందని, ఏది నమ్మాలని అడిగారు. మావాళ్లని రప్పించినప్పుడు నేనూ ఈ లెక్క దగ్గరే తల పట్టుకున్నాను.

ఆ 14,400 తప్పు కాదు. గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం లాగి పట్టుకుంటే వచ్చే దూరం అది. ఆ దారం పడమరకి పోదు. హైదరాబాద్ నుంచి దాదాపు నిట్టనిలువునా ఉత్తరానికి, హిమాలయాలు దాటి, ఉత్తర ధ్రువానికి ఐదారు వందల కిలోమీటర్ల దూరంలోంచి అటువైపు దిగుతుంది. చిక్కేమిటంటే ఆ దారిలో డైరెక్ట్ ఫ్లైటే లేదు. కాబట్టి ఆ 16 గంటలు ఉత్త లెక్క.

మావాళ్లు దుబాయ్ మీదుగా వచ్చారు. శంషాబాద్ నుంచి దుబాయ్ సుమారు 2,550 కిలోమీటర్లు, నాలుగు గంటలు. అక్కడి నుంచి డాలస్ 12,900 పైచిలుకు, 16 గంటలు. మధ్యలో మూడున్నర గంటలు ఆగారు. మొత్తం ఇరవై మూడున్నర. తెల్లవారుజామున 4కి ఎక్కి, అదే రోజు సాయంత్రం 5కి దిగారు. ఎండాకాలంలో డాలస్ టైము హైదరాబాద్ కంటే పదిన్నర గంటలు వెనక (చలికాలంలో పదకొండున్నర). నాన్న మాత్రం ఇప్పటికీ "పొద్దున ఎక్కాం, సాయంత్రానికి దిగాం" అనే చెబుతారు!

ఇంటి నుంచి ఇంటికి లెక్కేస్తే వేరు. ఖమ్మంలో ముందురోజు రాత్రి 8కి కారెక్కారు. శంషాబాద్‌కి నాలుగు గంటలు, అక్కడ ఇంకో నాలుగు గంటలు. ఇక్కడ ఇమ్మిగ్రేషన్, లగేజీ అయ్యేసరికి గంటన్నర, డాలస్ దగ్గరే ఉన్న ఫ్రిస్కోలో మా ఇంటికి ముప్పావుగంట. దాదాపు 34 గంటలు. మందుల డబ్బా సర్దేటప్పుడు ఈ అంకె చూసుకోండి, టికెట్ మీద ఉన్నది కాదు. బీపీ మాత్రలు చెకిన్ బ్యాగులో వేయనివ్వకండి.

ఇది రెండోసారి సంగతి. మొదటిసారి మొత్తం గంటలు తక్కువగా కనిపిస్తున్నాయని ఆశపడి, మధ్యలో గంటా ఇరవై నిమిషాలే ఉన్న టికెట్ తీశాను. మొదటి విమానం యాభై నిమిషాలు లేటు. రెండోది తప్పిపోయింది. ఫోన్‌లో రోమింగ్ లేదు, ఇంగ్లిష్ అంతంతమాత్రం. పద్నాలుగు గంటలు కుర్చీల్లోనే కూర్చున్నారు. ఇక్కడ నా టెన్షన్ చెప్పక్కర్లేదు. అప్పటినుంచి పెద్దవాళ్లకి మూడు గంటలకు తక్కువ గ్యాప్ ఉంటే ఆ టికెట్ వైపే చూడను. వీల్‌చైర్ కూడా ముందే అడిగి పెట్టండి. "నాకేం కాళ్లు లేవా" అని నాన్న గొడవపడ్డారు గానీ, గేటు దాకా మనిషి తోడుంటాడు, అదీ అసలు లాభం.

మోకాళ్ల నొప్పులుంటే 16 గంటలు ఒక్క సీట్లో కష్టమే. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా కూడా దూరం ఇంచుమించు అంతే, 15,400 కిలోమీటర్లు. కానీ రెండు ముక్కలూ పది గంటలకు అటూ ఇటూగా ఉంటాయి.

తిరుగు ప్రయాణంలో డాలస్ నుంచి దుబాయ్‌కి గంటకు పైగా తగ్గుతుంది. పైన పడమటి గాలి వెనక నుంచి తోస్తుంది. ఇంతకీ మీ టికెట్‌లో మధ్యలో ఎంతసేపు ఉందో రాయలేదు. అది రాస్తే ఉంచుకోవాలో మార్చుకోవాలో చెబుతాను.