కారు అమ్మేశాను, ఆర్‌సీ మారలేదు: ప్రమాద పరిహారం నేనెందుకు కట్టాలి?

ప్రశ్న: మాది కరీంనగర్. నా 2016 మోడల్ డీజిల్ కారును 2023 జూన్ 11న, మా ఆఫీసులో పనిచేసే మిత్రుని ద్వారా పరిచయమైన వరంగల్ వ్యక్తికి 3,10,000 రూపాయలకు అమ్మాను. బయట 3,60,000 పలికే బండి అది. అంతకు రెండు నెలల ముందే 22,000 పెట్టి నాలుగు కొత్త టైర్లు కూడా వేయించాను. తెలిసినవారు కదా అని తక్కువకు ఇచ్చాను. 2,60,000 బ్యాంకు ద్వారా, మిగతాది నగదుగా ఇచ్చారు. స్టాంపు కాగితం మీద డెలివరీ లెటర్ రాసుకున్నాము. 30 రోజుల్లో ఆర్‌సీ తన పేరున మార్చుకుంటానని, ఆ రోజు నుంచి చలాన్లకు, ప్రమాదాలకు తనదే బాధ్యత అని అందులో ఆయన సంతకం చేశారు. యాజమాన్య మార్పిడి కోసం రవాణా కార్యాలయానికి (ఆర్‌టీఏ) ఇచ్చే ఫారం 29, ఫారం 30 మీద నేను సంతకాలు చేసి, ఖాళీలు నింపకుండా ఇచ్చేశాను. బీమా 2024 ఫిబ్రవరి వరకు ఉంది. 2025 ఆగస్టు 23న ఆయన బావమరిది నడుపుతుండగా టైరు పేలి, కారు బైకును ఢీకొని, బైకు మీది వ్యక్తి మరణించారు. నవంబరులో మృతుని కుటుంబం 35 లక్షల పరిహారం కోరుతూ వేసిన కేసులో నన్ను యజమానిగా చేర్చారు, నోటీసు వచ్చింది. రెండేళ్ల క్రితం వదిలించుకున్న బండికి, అదీ కొత్త టైర్లతో ఇచ్చిన బండికి, నేనెందుకు బాధ్యుణ్ణి? అమ్మకపు కాగితాన్ని పాత తేదీతో నోటరీ చేయించి, ఫారం 29 అప్పుడే ఇచ్చినట్లు చూపిద్దామని ఒక ఏజెంటు అంటున్నాడు. కొన్న వ్యక్తేమో పోలీసు స్టేషనులో ఉన్న కారును విడిపించే పిటిషను మీద నన్ను సంతకం చేయమంటున్నారు. చేయవచ్చా?

జవాబు: మీరు రెండు పేజీల ఉత్తరంలో టైర్ల గురించి, తక్కువ ధర గురించి, మిత్రుని మాట గురించి ఎంతో రాశారు. ఈ కేసును తేల్చేది వీటిలో ఏదీ కాదు. 2025 ఆగస్టు 23న ఆర్‌టీఏ రికార్డులో ఆ కారు ఎవరి పేరున ఉంది, అదే రోజున ఆ కారు మీద థర్డ్ పార్టీ బీమా అమలులో ఉందా లేదా అన్నవే ఇక్కడ ప్రశ్నలు. మొదటిదానికి జవాబు మీకు తెలుసు. రెండోదానికి జవాబు తెలుసుకునే ప్రయత్నం చేసినట్లు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. మీరు వెంటనే కదలవలసింది దాని కోసమే.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 2(30) ప్రకారం వాహనం ఎవరి పేరున రిజిస్టరై ఉందో వారే యజమాని. అప్పు తాకట్టు, లీజు వంటి ఒప్పందాల కింద ఉన్న వాహనాలకు మాత్రమే స్వాధీనంలో ఉన్నవారిని యజమానిగా చూడాలన్న మినహాయింపు ఉంది. మీది నేరుగా జరిగిన అమ్మకం కాబట్టి ఆ మినహాయింపు మీకు వర్తించదు. సరిగ్గా మీలాంటి పరిస్థితే నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. అక్కడ కారు 2007లో మొదటి యజమాని చేతి నుంచి వెళ్లి, ఒకరి తరువాత ఒకరికి చేతులు మారింది. 2009లో ప్రమాదం జరిగేనాటికి కూడా రిజిస్ట్రేషను మాత్రం మొదటి వ్యక్తి పేరునే ఉంది. 2018 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టు ఆయననే బాధ్యునిగా నిలబెట్టింది. ప్రమాదంలో నష్టపోయిన కుటుంబం, రికార్డులో లేని అమ్మకాల వెంట పడి ఒక్కొక్కరినీ వెతుక్కుంటూ తిరగవలసిన అవసరం లేదన్నది ఆ తీర్పు సారం. కనుక డెలివరీ లెటర్ చూపించి, ‘నేను యజమానిని కాను, నన్ను కేసులోంచి తీసేయండి’ అని ఈ పరిహారం కేసును విచారించే ట్రిబ్యునల్‌ను అడిగితే ఆ వాదన నిలవదు. ఆ ఆశ పెట్టుకుని మీరు కాలం పోగొట్టుకోకూడదని ముందే స్పష్టంగా చెబుతున్నాను.

ఇక్కడ మిమ్మల్ని మందలించక తప్పదు. సెక్షన్ 50 కింద, ఒకే రాష్ట్రంలో అమ్మినప్పుడు 14 రోజుల్లో ఆ సంగతిని ఆర్‌టీఏకు తెలియజేయవలసిన బాధ్యత అమ్మినవారిది. కొన్నవారికి వేరుగా 30 రోజుల గడువు ఉంది. అంటే మీ వంతు పని 2023 జూన్ 25కే పూర్తి కావలసింది. ఫారం 29 ఉన్నదే అందుకు. మీరు దాని మీద సంతకం చేసి, దాన్ని ఆర్‌టీఏకు ఇవ్వకుండా కొన్నవారి చేతిలో పెట్టారు. 2024లో ఆ కారు మీద వచ్చిన రెండు ట్రాఫిక్ చలాన్ల ఎస్‌ఎంఎస్‌లను ఆయనకు వాట్సాప్‌లో పంపానని మీరే రాశారు. చలాను మీ ఫోనుకు వచ్చిన రోజే ఆర్‌సీ ఇంకా మీ పేరునే ఉందని మీకు తెలియాలి. ఆ రోజు ఒక్క రిజిస్టర్డ్ పోస్టు ఆర్‌టీఏకు, ఒకటి కొన్న వ్యక్తికి పంపి ఉంటే ఇవాళ మీ చేతిలో ఎంతో బలమైన కాగితం ఉండేది. 50,000 తక్కువకు అమ్మినందుకు పడుతున్న బాధలో కొంతైనా ఆనాడు ఈ సంగతి మీద పెట్టి ఉండవలసింది.

టైర్ల గురించి కూడా ఒక మాట చెప్పాలి. టైరు పేలడం దైవఘటన అని, అందులో ఎవరి తప్పూ లేదని వాదించమని మీకు ఎవరైనా చెప్పవచ్చు. టైరు పేలడాన్ని దైవఘటనగా చూడలేమని, అతివేగం, గాలి ఎక్కువో తక్కువో ఉండడం, పాత టైర్లు వాడడం వంటి మానవ నిర్లక్ష్యమే దానికి కారణమవుతుందని 2023లో బాంబే హైకోర్టు ఒక బీమా కంపెనీ అప్పీలును తోసిపుచ్చుతూ చెప్పింది. అయినా టైర్ల బిల్లు పారేయకండి. ప్రతి టైరు పక్క గోడ మీద తయారైన వారం, సంవత్సరం నాలుగు అంకెల్లో ఉంటాయి. 1223 అంటే 2023లో పన్నెండో వారం అని అర్థం. ప్రమాదం తరువాత మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టరు ఇచ్చిన రిపోర్టు, కారు ఫొటోలు తీసుకుని, పేలిన టైరు మీరు వేయించినదేనా, తరువాత ఎవరైనా మార్చినదా అన్నది చూడండి. మృతుని కుటుంబం మీద ఈ ఆధారం పనిచేయదు. రేపు కొన్న వ్యక్తి మీద మీరు దావా వేసినప్పుడు, ‘పాడైన టైర్లతో అమ్మారు’ అని ఆయన ఎదురు తిరిగితే అక్కడ పనికొస్తుంది.

ఇక మీరు అడిగిన రెండు సంతకాల విషయం.

ఏజెంటు చెప్పిన పని చేయవద్దు. పాత తేదీతో కాగితం పుట్టించడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 336 కింద ఫోర్జరీ. దాన్ని నిజమైనదిగా కోర్టులో వాడితే సెక్షన్ 340 వర్తిస్తుంది. దాన్ని సమర్థిస్తూ ప్రమాణం చేసి అబద్ధం చెబితే సెక్షన్ 229 కింద ఏడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. పైగా ఇది దొరకని అబద్ధం కూడా కాదు. స్టాంపు కాగితాన్ని ఏ రోజు ఎవరికి అమ్మారో విక్రేత రిజిస్టరులో ఉంటుంది, నోటరీ రిజిస్టరులో వరుస సంఖ్య ఉంటుంది, ఆర్‌టీఏలో దాఖలైన ప్రతి దరఖాస్తుకూ కంప్యూటరులో తేదీ నమోదవుతుంది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఈ మూడింటిలో ఒక్కటి బయటపడినా, మీ దగ్గర నిజంగానే ఉన్న 2023 నాటి డెలివరీ లెటర్‌ను కూడా ఎవరూ నమ్మరు. ఇవాళ మీకున్న ఏకైక రక్షణ ఆ లెటర్. దాన్ని మీ చేతులతో మీరే చెడగొట్టుకోవద్దు.

వాహనం విడుదల పిటిషను మీద సంతకం దానికంటే ప్రమాదకరం, ఎందుకంటే చూడడానికి అది సాయంలా కనిపిస్తుంది. ఆ పిటిషనుతో పాటు వేసే అఫిడవిట్‌లో ‘నేను ఈ వాహనానికి యజమానిని, ఇది నా స్వాధీనంలో, నా వాడుకలో ఉండేది’ అని మామూలుగా రాస్తారు. అది కోర్టు రికార్డులోకి వెళ్లిన తరువాత, 2023లోనే స్వాధీనం ఇచ్చేశానని మీరు ఎక్కడ చెప్పినా ఆ అఫిడవిట్ మీ ముందు పెడతారు. కొన్న వ్యక్తి మీద దావా వేసే దారి కూడా దానితోనే దెబ్బతింటుంది. కాబట్టి ఆ అఫిడవిట్ మీద సంతకం చేయకండి. దానికి బదులు, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 133 కింద యజమాని ఇవ్వవలసిన సమాచారంగా, కారు ఎప్పుడు ఎవరికి అప్పగించారో, మీకు తెలిసినంతలో ఎవరు నడిపారో రాసి, డెలివరీ లెటర్ నకలుతో దర్యాప్తు అధికారికి ఇచ్చి రసీదు తీసుకోండి. బండి మీరు నడపలేదు కాబట్టి నిర్లక్ష్యపు డ్రైవింగ్ నేరం మీ మీదకు రాదు. అయినా ఈ సమాచారం రికార్డులో ఉండడం మీకు మంచిది.

ఇప్పుడు బీమా సంగతి. మీ పాలసీ 2024 ఫిబ్రవరిలో ముగిసింది కనుక బీమా లేదని మీరే తేల్చేసుకున్నారు. అలా అనుకోవద్దు. సెకండ్ హ్యాండ్ బండి కొన్నవారు ఆర్‌సీ మార్చకుండానే, ఆర్‌సీలో ఉన్న పాత యజమాని పేరునే ఆన్‌లైన్‌లో పాలసీ రెన్యువల్ చేసుకోవడం తరచుగా చూస్తున్నాము. ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి చూడండి. హైదరాబాదులోని ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరో దగ్గరా వెతకండి. చార్జిషీటుతో జతపరిచిన కాగితాల్లో పాలసీ నంబరు ఏదైనా ఉందేమో చూడండి. ప్రమాదం రోజున అమలులో ఉన్న థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటి దొరికినా ఈ కేసు స్వరూపమే మారిపోతుంది. పాలసీ మీ పేరున ఉంటే, మీరు రిజిస్టర్డ్ యజమాని కాబట్టి బీమా కంపెనీ బాధ్యత నుంచి తప్పుకోలేదు. పుష్ప వర్సెస్ శకుంతల కేసులో 2011లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. ఆ కంపెనీని వెంటనే పార్టీగా చేర్చమని ట్రిబ్యునల్‌ను కోరాలి. నడిపిన వ్యక్తి డ్రైవింగ్ లైసెన్సు నకలు కూడా సంపాదించండి, ఎందుకంటే కంపెనీ మొదట పట్టుకునేది లైసెన్సునే.

పాలసీ లేకపోతే నడిపిన వ్యక్తి, మీరు కలిసి బాధ్యులవుతారు, అందులో ఎవరి దగ్గర ఆస్తి కనిపిస్తే వారి నుంచే వసూలు మొదలవుతుంది. అందుకే విచారణ తేదీకి హాజరు కాకుండా ఉండకండి. హాజరు కాకపోతే ఎక్స్‌పార్టీగా, అంటే మీ వాదన వినకుండానే, ఉత్తర్వు వస్తుంది. అదే చట్టం సెక్షన్ 174 కింద ఆ మొత్తాన్ని కలెక్టరు ద్వారా భూమిశిస్తు బకాయిలా మీ ఇంటి మీదా, పొలం మీదా వసూలు చేయవచ్చు. అప్పీలుకు 90 రోజులే గడువు. అప్పీలు వేయడానికైనా ముందు 25,000 రూపాయలు లేదా తీర్పు మొత్తంలో సగం, ఏది తక్కువైతే అది, కట్టాలి. ఎదుటివారు ఆలస్యంగా వచ్చారన్న వాదన కూడా మీకు లేదు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఆరు నెలల గడువు లోపలే, ఆగస్టు ప్రమాదానికి నవంబరులోనే వారు కేసు వేశారు.

మీ కౌంటరులో, అంటే కేసుకు మీరు రాసి ఇచ్చే జవాబులో, మూడు సంగతులు ఉండాలి. డెలివరీ జరిగిన తేదీని నిజంగా జరిగినది జరిగినట్లు చెప్పాలి. కొన్న వ్యక్తినీ, నడిపిన బావమరిదినీ ప్రతివాదులుగా చేర్చమని వేరే పిటిషను వేయాలి. పరిహారం లెక్కను, అంటే మృతుని వయసు, ఆదాయం, ఆధారపడినవారి సంఖ్యను, వదిలేయకుండా రుజువు చేయమని అడగాలి. డెలివరీ లెటర్ అసలు ప్రతిని, 2,60,000 జమ అయిన బ్యాంకు స్టేట్‌మెంటును, లెటర్ మీద సాక్షిగా సంతకం చేసిన మీ మిత్రుణ్ణి సిద్ధం చేసుకోండి. చలాన్లు పంపిన వాట్సాప్ సంభాషణను తొలగించకండి, ఆ ఫోను మార్చకండి. దాన్ని సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి. స్క్రీన్‌షాట్ ప్రింటు ఒక్కటే సరిపోదు. ‘చలాన్ నేను కడతాను అన్నా’ అని ఆయన ఇచ్చిన జవాబు ఉందని రాశారు. కారు ఎవరి స్వాధీనంలో ఉందో చెప్పే గట్టి సాక్ష్యం అది.

మీ నిజమైన ఉపశమనం కొన్న వ్యక్తి మీద వేసే దావాలో ఉంది. రిజిస్ట్రేషను మారకపోయినా మీ ఇద్దరి మధ్య అమ్మకం చెల్లుతుంది. ప్రమాదాల బాధ్యత తనదని ఆయన రాసి ఇచ్చిన వాక్యం నష్టపరిహార హామీ కిందకు వస్తుంది. ట్రిబ్యునల్ మీతో ఎంత కట్టిస్తే అంతా ఆయన నుంచి రాబట్టే హక్కు దాని నుంచే వస్తుంది. అయితే గడువు చూసుకోండి. 30 రోజుల్లో మార్చుకుంటానన్న మాట 2023 జులై 11న తప్పింది. ఒప్పంద ఉల్లంఘన మీద మూడేళ్ల కాలపరిమితి ఆ తేదీ నుంచి లెక్కిస్తే 2026 జులై 11తో ముగుస్తుంది. హామీ కింద నష్టం మీరు చెల్లించిన రోజు నుంచే లెక్కించాలని వాదించడానికి వీలుంది, కానీ ఆ వాదనను నమ్ముకుని కూర్చోవద్దు. ఈ వారంలోనే లాయరు నోటీసు ఇవ్వండి. 2026 జులై 11 లోపల దావా వేసి, రిజిస్ట్రేషను మార్చుకోవాలన్న ఆదేశాన్ని, పరిహారం విషయంలో ఆయనే బాధ్యుడన్న ప్రకటనను కోరండి. ఆయనకు ఆస్తి ఏముందో కూడా ఇప్పుడే కనుక్కోండి. ఆయన చర్చలకు వస్తే, మృతుని కుటుంబంతో లోక్ అదాలత్‌లో రాజీ కుదుర్చుకోవచ్చు, కానీ డబ్బు ఆయన ముందుగా జమ చేసిన తరువాతే మీరు సంతకం చేయాలి. లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు ఉండదు.

ఆర్‌టీఏకు ఇప్పుడైనా ఫారం 29 దాఖలు చేయండి. అందులో అమ్మిన తేదీ 2023 జూన్ 11 అని, మీరు సంతకం చేసే తేదీ ఈ రోజుదే అని నిజం రాయండి. ఈ కేసులో అది మీకు మేలు చేయదు, కానీ పోలీసు స్టేషను నుంచి ఆ కారు బయటికి వచ్చి మళ్లీ రోడ్డెక్కితే వచ్చే తరువాతి ప్రమాదంలో మిమ్మల్ని కాపాడే తొలి కాగితం అదే అవుతుంది. మీ ఖాతాకు ముడిపడిన పాత ఫాస్టాగ్ ఇంకా ఆ కారు అద్దం మీదే ఉంటే, దాని స్టేట్‌మెంటు తీసుకుని, అదే రోజు దాన్ని మూయించండి.