ఉయ్యాల దాకా దారి ఉందా?

ప్రశ్న: అక్కా, మాది నెల్లూరు, ఆరేళ్లుగా చెన్నై వలసరవాక్కంలో ఉంటున్నాం. బాబుకి ఎనిమిదేళ్లు, సెరిబ్రల్ పాల్సీ, వీల్‌ఛెయిర్‌లోనే తిరుగుతాడు. పాపకి ఐదు. పోయిన ఆదివారం దగ్గర్లో ఉన్న పార్కుకి వెళ్తే, బైకులు రాకుండా గేటు దగ్గర పెట్టిన కమ్మీల మధ్య కుర్చీ పట్టలేదు. మా ఆయన, వాచ్‌మన్ కలిసి ఎత్తి లోపల పెట్టారు. తీరా చూస్తే ఉయ్యాలల చుట్టూ అంతా ఇసుకే, చక్రాలు కూరుకుపోయాయి. చెల్లి ఆడుతుంటే వీడు గంటసేపు చూస్తూ కూర్చున్నాడు. నిన్న మళ్లీ వెళ్దామా అంటే "చెల్లిని తీసుకెళ్లు, నేను రాను" అన్నాడు. వాడు కూడా ఆడుకునే పార్కు ఈ ఊళ్లో ఉందా?
– ఒక అమ్మ

జవాబు: ఉందమ్మా. శాంతోమ్‌లో కార్పొరేషన్ వాళ్లు ఇలాంటి పిల్లల్ని దృష్టిలో పెట్టుకునే ఒక ఆటస్థలం కట్టించారు. మీకు దూరమే, ఊరికి ఆ చివర. "ప్రత్యేక పిల్లల పార్కు" అని పేరుపడింది కదాని పాపని ఇంట్లో వదిలి వెళ్లకండి, ఇద్దరూ ఒకే చోట ఆడుకోవడానికేగా ఇంత తిప్పలు.

బాబు రానన్నాడంటే నాకేం ఆశ్చర్యం లేదు. ఎనిమిదేళ్లవాడికి నలుగురి ముందు బియ్యం బస్తాలా ఎత్తించుకోవడం ఎంత సిగ్గు! అందుకే ఏ పార్కుకైనా ముందు మీరొక్కరే వెళ్లి గేటు, నేల చూసి రండి. కుర్చీ వెడల్పు టేపుతో కొలిచి పెట్టుకోండి, గేటు దగ్గర 90 సెంటీమీటర్ల సందు ఉంటే ఇబ్బంది ఉండదు. ర్యాంపు ఒక అడుగు ఎత్తెక్కడానికి కనీసం పన్నెండు అడుగుల పొడవుండాలి, అంతకంటే నిటారుగా ఉంటే తోసేవాళ్ల నడుం పోతుంది, దిగేటప్పుడు కుర్చీ ఆగదు. నేల సంగతికొస్తే, పిల్లలు పడితే దెబ్బ తగలదని ఇసుక పోస్తారు, తప్పు పట్టలేం, కానీ ఆ పని రబ్బరు పరుపు కూడా చేస్తుంది, పైగా దాని మీద చక్రాలు తిరుగుతాయి. ఇక ఉయ్యాలకి వీపు ఆనే సీటు, బెల్టు ఉండాలి. ఎంత మంచి ఉయ్యాలైనా దాని దాకా దారి లేకపోతే అది మీవాడికి లేనట్టే.

శాంతోమ్ దాకా వెళ్లినరోజు మెరీనా కూడా చూసి రండి, వివేకానందర్ ఇల్లం ఎదురుగా ఇసుక మీద చెక్క బాట ఉంది, 2022లో వేశారు, కుర్చీతోనే అలల దగ్గర దాకా పోవచ్చు. తుపాను వస్తే దెబ్బతింటుంది, ఆ ఏడాది డిసెంబరులో అదే జరిగింది, కాబట్టి వానల రోజుల్లో ముందు కనుక్కోండి. చెట్ల నీడే కావాలంటే మైలాపూర్ లజ్‌లో నాగేశ్వరరావు పార్కు ఉంది. ఆయనెవరో కాదు, 1893లో అమృతాంజనం మొదలుపెట్టి, ఆంధ్రపత్రిక నడిపిన మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారే! పిల్లలకి ఈ మాట చెప్పండి, అమృతాంజనం డబ్బా ఇంట్లో ఎలాగూ ఉంటుంది.

మీ దగ్గరి పార్కుని మాత్రం వదలకండి. వారానికి నాలుగుసార్లు వెళ్లేది దానికే. కార్పొరేషన్ ఫిర్యాదుల నంబరు 1913కి ఫోన్ చేసి కంప్లయింట్ నంబరు తీసుకోండి, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం పేరు కూడా చెప్పండి. "కమ్మీలు తీసేయండి" అంటే బైకులొస్తాయని ఒప్పుకోరు, వాళ్లన్నదీ నిజమే. పక్కన తాళం వేసే చిన్న గేటు పెట్టి, తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉంచమని అడగండి, దానికి పెద్ద ఖర్చు కూడా కాదు.

ఇంకోటి, మధ్యాహ్నం ఈ ఎండకి జారుడుబల్లలు కాలిపోతుంటాయి. సాయంత్రం ఐదు దాటాకే బయల్దేరండి. వాన పడిన మర్నాడైతే ఒక పాత తువ్వాలు పట్టుకెళ్లండి, ఉయ్యాల సీట్లలో నీళ్లు నిలిచి ఉంటాయి.