టామ్ అండ్ జెర్రీ భాగాల్లో ఏది ముందు, ఏది వెనుక?

ఒంగోలులో మా అన్నయ్య పిల్లలు తాము చూసిన టామ్ అండ్ జెర్రీ భాగాలను నోటుపుస్తకంలో రాసుకొని, వాటి అసలు వరుస ఏమిటని అడిగారు. ఇవి మొదట సినిమాహాళ్ల కోసం తీసిన లఘుచిత్రాలు కనుక, టీవీలో వచ్చే క్రమాన్ని కాక విడుదల తేదీనే ప్రమాణంగా తీసుకోవాలి. 1940 ఫిబ్రవరి 10న విడుదలైన మొదటి చిత్రంలో పిల్లి పేరు జాస్పర్. ఇంకొక్క వస్తువు పగిలితే బయటికి గెంటేస్తానని పనిమనిషి దాన్ని బెదిరిస్తుంది. ఆ పేరు వినబడితే ఇక సందేహం అక్కర్లేదు. వీటి సృష్టికర్తలు హన్నా, బార్బెరా 1958 వరకు 114 చిత్రాలు తీశారు. వాటిలో వెడల్పు తెర పద్ధతి అయిన సినిమాస్కోప్‌వి 1954కు ముందువి కావు. తర్వాతి దర్శకుల్లో జీన్ డైచ్ తీసిన 13 చిత్రాలు 1961–62లోనివి, చక్ జోన్స్ హయాంలోని 34 చిత్రాలు 1963–67లోనివి. పేర్లు పడేటప్పుడు రోమన్ అంకెల్లో కనిపించేది కాపీరైటు సంవత్సరం మాత్రమే. విడుదల మరుసటి ఏడాదికి జరిగి ఉండవచ్చు.